అనంతపురంలో ఒక వినికిడి కేంద్రం: పరీక్ష నిక్కచ్చి, గోలలో వినికిడిపై అశ్రద్ధ

తాడిపత్రి బండల ఫ్యాక్టరీలో కోత రంపాల మోత మధ్య ఏళ్ల తరబడి పనిచేసిన మా నాయనకు వినికిడి యంత్రాలు అమర్చిన అనంతపురం కేంద్రం గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. "ఇనపడతాంది నాయనా, ఏమంటాండావో తెలీడం ల్యా" అని ఆయన తరచూ చెప్పే మాటను అక్కడి ఆడియాలజిస్టు (వినికిడిని పరీక్షించే నిపుణులు) ముసలితనం కింద కొట్టిపారేయకుండా, ముఖ్యమైన లక్షణంగా రాసుకున్నారు. అంతకుముందు మేము వెళ్లిన ఒక దుకాణంలో పరీక్ష ఊసే లేదు. చెవిలో యంత్రం పెట్టి, వెనక నుంచి పిలిచి, పలికితే సరిపోయిందన్నారు.

ఇక్కడ తలుపు మూస్తే రోడ్డు మీది హారన్లు వినపడని క్యాబిన్‌లో కూర్చోబెట్టి, 250 నుంచి 8,000 హెర్ట్జ్ వరకు (సెకనుకు ఎన్ని కంపనాలో చెప్పే లెక్క ఇది, దీన్నే పౌనఃపున్యం అంటారు) ఒక్కో స్వరాన్ని వినిపిస్తూ, ఆయన పట్టుకోగల అతి చిన్న శబ్దం ఎంతో ఆడియోగ్రామ్ అనే పటం మీద గీతగా గుర్తించారు. ఆ తర్వాత చెవి వెనక ఎముక మీద కంపించే చిన్న పరికరం ఆనించి మళ్లీ పరీక్షించారు. రెండు గీతలూ ఒకేలా రావడంతో కర్ణభేరిలో గానీ, దాని వెనకనున్న మూడు బుల్లి ఎముకల్లో గానీ అడ్డంకి లేదని, లోపం లోపలి చెవిదేనని తేలింది. గీత 4,000 హెర్ట్జ్ దగ్గర లోతుగా దిగి, ఆ పైన కాస్త లేచింది. యంత్రాల మోతలో పనిచేసినవారి ఆడియోగ్రామ్‌లో తరచుగా కనిపించే గుర్తు అదే.

ఈ ఫలితాన్ని ఓపికగా వివరించినందుకే నేను వీరికి ఎక్కువ మార్కులు వేస్తాను. లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకుని ఉండే కోక్లియా అనే భాగంలో మొదటి భాగం హెచ్చు పౌనఃపున్యాలకు, లోపలి కొస తక్కువ పౌనఃపున్యాలకు స్పందిస్తుంది. దానిలో శబ్ద తరంగం సాగే తీరును కనిపెట్టినందుకు శాస్త్రవేత్త జార్జ్ ఫాన్ బెకెషీకి 1961లో నోబెల్ బహుమతి లభించింది. మెదడుకు ప్రధానంగా సమాచారం పంపే లోపలి వరుస రోమ కణాలు (శబ్ద కంపనాన్ని నాడీ సంకేతంగా మార్చేవి) ఒక్కో చెవిలో సుమారు 3,500 మాత్రమే ఉంటాయి, నశించినవి మనిషిలో తిరిగి పుట్టవు. అచ్చుల బలం ఎక్కువగా తక్కువ పౌనఃపున్యాల్లోనూ, స, చ, త వంటి హల్లుల ఆనవాళ్లు హెచ్చు పౌనఃపున్యాల్లోనూ ఉంటాయి కనుక మా నాయనకు సారు, చారు, కారు మూడూ ఒక్కటిగానే వినపడేవి. గట్టిగా అరిస్తే అచ్చు పెద్దదవుతుందే తప్ప హల్లు తేటపడదు. పెద్దవాళ్లతో అరిచి మాట్లాడే ప్రతి ఇంటికీ ఈ సంగతి తెలియాలని నాకు గట్టిగా అనిపించింది.

రెండు చెవులకూ యంత్రాలు ఎందుకో కూడా చెప్పారు. పక్క నుంచి వచ్చే శబ్దం ఒక చెవికంటే రెండో చెవికి సెకనులో వెయ్యో వంతు కన్నా తక్కువ ఆలస్యంగా చేరుతుంది. ఆ తేడాను బట్టి మెదడు దిక్కును పోల్చుకుంటుంది. చాలాకాలంగా ఆ శబ్దాలు అందని మెదడు వాటికి మళ్లీ అలవాటు పడాలి కాబట్టి, మొదట బలం తగ్గించి ఇచ్చి, విడతలుగా పెంచారు. గిన్నెల చప్పుడు, కాగితం రెపరెప కొత్తలో చెవిని గుచ్చుతాయని ముందుగానే హెచ్చరించడం వల్ల ఆయన యంత్రాలను తీసి పెట్టెలో పడేయలేదు. ఇప్పుడు ఇంట్లో మనవరాలి మాట ఆయనకు తేటగా అందుతోంది.

అయితే మాటలు వినిపించి ఎంత అర్థమవుతోందో చూసే పరీక్షను నిశ్శబ్దంగా ఉన్న క్యాబిన్‌లోనే ముగించడం పెద్ద లోటు. పలు గొంతుల మధ్య ఒక్క గొంతును మెదడు ఎలా ఏరుకుంటుందన్న ప్రశ్న మీద శాస్త్రవేత్త కోలిన్ చెర్రీ 1953లోనే ప్రయోగాలు ప్రచురించారు. వినికిడి తగ్గినవారు ఎక్కువగా తడబడేదీ అక్కడే. పెళ్లి పందిట్లో, బస్టాండులో మా నాయన ఇప్పటికీ ఇబ్బంది పడుతున్నారు. గోల మధ్య మాటలు వినిపించి పరీక్షించి ఉంటే, యంత్రాల నుంచి ఎంత ఆశించవచ్చో కొనేముందే తెలిసేది. ధరల పట్టికను కూడా పరీక్షంతా అయ్యాక గానీ చూపలేదు. ఇలాంటి కేంద్రానికి వెళ్లేవారు ఈ రెండూ ముందే అడిగి, ఇంట్లో రోజూ మాట్లాడే మనిషిని వెంట తీసుకువెళ్లడం మంచిది.