నల్లరేగడి రైతులూ, తేమ సెన్సర్లు కొనే ముందు ఒక్కసారి ఆగండి

నాందేడ్ జిల్లా కిన్వట్ దగ్గర మాకు ఎనిమిది ఎకరాల వర్షాధార పత్తి ఉంది. తొలకరికి ముందు మూడు వైర్‌లెస్ తేమ సెన్సర్లు, వాటి సమాచారం అందుకుని ఫోనుకు పంపే గేట్‌వే పెట్టె కలిపి 27,000 రూపాయలు పోసి కొన్నాను. ఇటువైపు ఊళ్లలో ఇలాంటి సెట్లు ఇంకా అమ్ముతున్నారు. దయచేసి తొందరపడకండి.

పూత దశలో పన్నెండు రోజులు వాన లేదు. తేమ 9 శాతానికి పడిపోయింది, వెంటనే తడి ఇవ్వండి అని ఫోనులో వచ్చింది. మా కుంటలో ఉన్నవి ఒక్క తడికి సరిపోయే నీళ్లు. మోటారు వేశాను. రెండు సెన్సర్ల వైపు తడి పూర్తయ్యాక, ఆకు ఎక్కడా వాడలేదే అని అనుమానం వచ్చి మూడోదాని పక్కన తవ్వాను. సెన్సర్‌ను ఆనుకుని నెర్రె విచ్చింది. నా చూపుడువేలు మొత్తం అందులో దిగింది. జానెడు దూరంలో అదే లోతు మట్టి తీసి పిడికిలి బిగిస్తే ముద్దయింది, వేళ్ల గుర్తులు పడ్డాయి. అది కొలిచింది నెర్రెలోని గాలిని! తర్వాత కాయ పట్టే వేళ బెట్ట వచ్చినప్పుడు కుంట ఖాళీ. రాలిన పిందెలను చూస్తూ నిలబడ్డాం.

నల్లరేగడి ఆరితే కుంచించుకుపోతుంది, మట్టికీ సెన్సర్‌కూ మధ్య సందు ఏర్పడుతుంది. పైగా బంకమట్టి నీటిని గట్టిగా పట్టి ఉంచుతుంది. ఇసుక పాలు ఎక్కువున్న ఎర్ర చల్కలో మొక్కకు హాయిగా ఉండే 20 శాతం తేమ, రేగడిలో మొక్క వాడిపోయే స్థాయి కావచ్చు. అందుకే ఏ నేలకు సరిచేశారో తెలియని అంకెతో మనకు పనిలేదు. అమ్మినాయన మాత్రం లోపం మీ నేలదే అన్నాడు. నేల సంగతి ఆయన అమ్మకముందు అడగాలి కదా!

ఇంకొకటి. పత్తి నడుమెత్తు పెరిగేసరికి దూరపు సెన్సర్ నుంచి సమాచారం ఆగిపోయింది. మూత విప్పితే లోపల 915 అని ముద్ర ఉంది, అంటే అది సమాచారం పంపేది 915 మెగాహెర్ట్జ్ రేడియో తరంగాలతో. ఇలాంటి పరికరాలకు మన దేశంలో లైసెన్సు లేకుండా వాడుకోవడానికి అనుమతించింది 865 నుంచి 868 మెగాహెర్ట్జ్.

కొనక తప్పదనుకుంటే ముందు ఒక్కటే తీసుకోండి. నల్లరేగడికి సరిచేసి ఇస్తామని, పనిచేయకపోతే వాపసు తీసుకుంటామని బిల్లు మీద రాయించుకోండి. ఒక బెట్ట గడిచేదాకా మీ చేలోనే చూడండి. తడి ఇచ్చే ముందు మాత్రం గునపంతో తవ్వి, మట్టి చేతిలోకి తీసుకోండి.

నా డబ్బు ఇంకా తిరిగి రాలేదు. మూడో సెన్సర్‌ను నెర్రెతో సహా అలాగే ఉంచాను. చుట్టుపక్కల వారెవరైనా వచ్చి చూస్తామంటే చూపిస్తాను.