గండికోట వెళ్లేవాళ్లు జమ్మలమడుగు లాడ్జీలను నమ్ముకోకండి

శనివారం రాత్రి జమ్మలమడుగులో దిగాం. ఫోన్లో 900 అన్న గది, మేం చేరేసరికి 1,600 అయింది. అడిగితే "గండికోట సీజన్ సార్, ఇష్టముంటే ఉండండి" అన్నాడు కౌంటర్ దగ్గర కుర్రాడు. రాత్రి పది దాటాక, మోకాళ్ల నొప్పులున్న అమ్మను తీసుకుని ఎక్కడికి పోతాం? గదిలో కుళాయి రాలేదు. బకెట్ వేడినీళ్లకు 50 వేరే. బిల్లు అడిగితే పుస్తకం అయిపోయిందన్నాడు. అమ్మ పల్లెత్తు మాట అనలేదు. నాకు అదే ఎక్కువ టెన్షన్.

మర్నాడు పొద్దున్నే గండికోట చూశాం, బాగుంది. అసలు వచ్చింది మాత్రం అమ్మ పుట్టిన పల్లెలోని గుడి కోసం. గుడి అంటే చర్చి, మా వైపు అలాగే అంటారు. కారుకు రోజంతా 2,800.

ఆ పల్లె క్రైస్తవ సంఘానికి మొదట ఉన్నది బోద గడ్డి కప్పిన కొట్టం. వారమంతా బడి, ఆదివారం ఆరాధన. తర్వాత నాపరాళ్లతో మట్టి మిద్దె కట్టుకున్నారు. ఇప్పుడు పక్కనే స్లాబు వేసిన కొత్త మందిరం ఉంది. 1822లో కడపకు వచ్చిన లండన్ మిషన్ అనే మిషనరీ సంస్థ వాళ్ల సంఘం ఇది. 1908లో దక్షిణ ఇండియా ఐక్య సంఘంలోకి వెళ్లింది. 1947 సెప్టెంబర్ 27న ఆంగ్లికన్లు, మెథడిస్టులు అనే వేరే క్రైస్తవ శాఖల వాళ్లు కూడా కలవడంతో సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) అయింది. మెదక్‌లో అంత పెద్ద చర్చి కట్టిన మెథడిస్టులూ, ఈ చిన్న పల్లె వాళ్లూ ఒకే సంఘమయ్యారు. అమ్మ తరం వాళ్లు మాత్రం ఇప్పటికీ "మాది లండన్ మిషన్" అనే అంటారు.

పాత మిద్దెలో ఇప్పుడు కుర్చీలు, షామియానా గుడ్డలు పడేశారు. గోడలు చెక్కుచెదరలేదు. కప్పును మోసే దంతెలు (కొయ్యలు) మాత్రం రెండు చోట్ల వంగాయి, వానకు మట్టి కారుతోంది. దాన్ని పడగొట్టి వంటశాల కడదామని కొందరు అంటున్నారట. దయచేసి ఆ పని చేయొద్దు. దంతెలు మార్చి, పైన కొత్త మట్టి పరిస్తే ఆ మిద్దె ఇంకా చాలాకాలం నిలుస్తుంది. అమ్మ బాప్తిస్మం తీసుకున్నది అక్కడే. లోపల గోడకు ఆనుకుని చాలాసేపు కూర్చుంది, లాడ్జీ సంగతే మరిచిపోయింది.

సంఘ పెద్ద గారి భార్య "తినకుండా ఎట్ల పోతావు వదినా?" అని మమ్మల్ని కదలనివ్వలేదు. రాగి సంగటి, నాటుకోడి పులుసు, చెనిక్కాయల ఊరిబిండి (పచ్చడి). ఈ ప్రయాణంలో తిన్న మంచి భోజనం అదొక్కటే, దానికి డబ్బు మాటెత్తితే ఆమె కోప్పడింది. కానుకగా 500 ఇస్తే పెద్దాయన వెంటనే రసీదు రాసిచ్చాడు.

వెళ్లేవాళ్లు కడపలోనే దిగి, పొద్దున్నే కారులో బయల్దేరండి. పల్లె గుళ్లు చూడాలనుకుంటే ఆదివారం ఆరాధన వేళకు చేరండి. మిగతా రోజుల్లో తాళం ఎవరి దగ్గరుందో వెతుక్కోవాల్సి వస్తుంది.