తగ్గింపు ధరల దుకాణంలో నెల సరుకులు

2002లో ముంబైలోని పోవైలో తొలి దుకాణం తెరిచిన డీమార్ట్‌లో నెల సరుకులు కొనడం నేడు తెలుగు రాష్ట్రాల్లోనూ ఎన్నో మధ్యతరగతి కుటుంబాలకు అలవాటైపోయింది. చాలావరకు సొంత భవనాల్లోనే దుకాణాలు నడపడం వల్ల అద్దె భారం తగ్గడం, సరఫరాదారులకు త్వరగా సొమ్ము చెల్లించి తక్కువ ధరకు సరుకు తెచ్చుకోవడం ఆ సంస్థ గరిష్ఠ చిల్లర ధర కన్నా తక్కువకు అమ్మగలగడానికి ముఖ్య కారణాలు. కందిపప్పు, వంటనూనె, సబ్బుల వంటి నిల్వ ఉండే సరుకులను నెలకోసారి కొనే ఇంటికి ఈ తగ్గింపు నిజంగా కలిసివస్తుంది.

అయితే తగ్గింపు దుకాణం ఏదైనా, చీటీ రాసుకోకుండా వెళితే చవకగా ఉందని అక్కరలేని వస్తువులు కొని, మిగిలిందనుకున్న సొమ్మును అక్కడే ఖర్చుపెట్టి వస్తాము. ప్యాకెట్టు ధరను కాక కిలో ధరను లెక్కగట్టాలి. 450 గ్రాముల ప్యాకెట్టు అరకిలోలాగే కనిపిస్తుంది. ఒక దుకాణంలో సగం ధరకు వచ్చిందని నేను తెచ్చిన గోధుమపిండికి గడువు 12 రోజులే మిగిలి ఉంది.

నెల మొదటి ఆదివారం బిల్లు కోసం నిలబడటం వృద్ధులకు చాలా కష్టం. నెలాఖరులో ఖాతా రాసుకుని సరుకులిచ్చే వీధి కిరాణా కొట్టు సౌకర్యం ఇక్కడ దొరకదు. కూరగాయలకు మాత్రం నేను ఇప్పటికీ రైతుబజారుకే వెళుతున్నాను.