మాజీ సైనికుల కుటుంబాలకి జాగ్రత్త: డిశ్చార్జి బుక్కు ఒరిజినల్ ఎవరి చేతికీ ఇవ్వకండి

పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం, ఇటు పాతపట్నం దాకా ఉన్న మాజీ సైనికుల ఇళ్ళ వాళ్ళు ఇది తప్పకుండా చదవండి. "సర్వీస్ రికార్డు కరెక్షన్, మెడల్ ఎంట్రీ, స్పర్శ్, పీపీఓ, అన్నీ మేమే చేసిపెడతాం" అని వాట్సాప్ గ్రూపుల్లో మెసేజ్ తిప్పుతున్నాడే, అతని గురించే చెబుతున్నాను. (స్పర్శ్ అంటే సైనికుల పెన్షన్ వెబ్‌సైటు, పీపీఓ అంటే పెన్షన్ మంజూరు కాగితం.) ఎవరో మీకు తెలుసు. మీలో చాలామంది ఇళ్ళకి వచ్చి టీ తాగి వెళ్ళిన మనిషే. తనూ ఫౌజీనే అని చెప్పుకుంటాడు. పేరు ఇక్కడ రాయడం లేదు, పోలీసులకిచ్చిన కంప్లయింటులో రాశాం.

నాన్న ఆర్మీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. 1999లో కార్గిల్ యుద్ధం వచ్చినప్పుడు ఆయన్ని సొంత యూనిట్ నుంచి ఒక ఫిరంగి దళానికి అటాచ్ చేశారు. శ్రీనగర్ నుంచి లేహ్ వెళ్ళే రోడ్డు మీద, ద్రాస్ వైపు మందుగుండు మోసే లారీ ఆయనది. తోలోలింగ్, టైగర్ హిల్ కొండలు శత్రువు చేతిలో ఉన్నన్నాళ్ళూ ఆ రోడ్డు మీద కదిలే ప్రతి బండీ పైనుంచి వాళ్ళకి కనపడేది. అందుకే హెడ్‌లైట్లు ఆర్పేసి రాత్రిపూట నడిపేవారు. తోలోలింగ్ జూన్ 13న మన చేతికొచ్చింది, టైగర్ హిల్ జూలై 4న. అప్పటిదాకా ఆ చీకట్లో, ఆ షెల్లింగ్ కింద లారీ నడిపిన మనిషి మా నాన్న.

రిటైరైనప్పుడు ఆర్మీ ఇచ్చే సర్వీసు పుస్తకమే డిశ్చార్జి బుక్కు. ఆయన బుక్కులో మెడల్స్ రాసిన చోట ఆపరేషన్ విజయ్ (కార్గిల్‌లో మన ఆర్మీ చేసిన ఆపరేషన్ పేరు) మెడల్ ఉంది, ఆపరేషన్ విజయ్ స్టార్ లేదు. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను, ఆ రెండూ ఒకటి కాదు. స్టార్ యుద్ధం జరిగిన ప్రాంతంలో పనిచేసిన వాళ్ళకి. మెడల్ ఆ ఆపరేషన్ కోసం కదిలిన మిగతా దళాల వాళ్ళకి కూడా ఇచ్చారు. నాన్న అటాచ్‌మెంట్ మీద వెళ్ళారు, అది ముగియగానే తిరిగి సొంత యూనిట్‌కి వచ్చేశారు. ఆ మధ్యలో ఎక్కడో కాగితం ఆగిపోయింది. ఆయన స్నేహితుడికి ఒకాయనకి సరిగ్గా ఇలాగే అయితే, ఆయన రాసుకున్నాక రికార్డు సరిచేశారు. అంటే ఇది జరగని పనేమీ కాదు.

ఈ స్టార్‌తో పెన్షన్ ఒక్క రూపాయి పెరగదు. పరమవీర చక్ర, వీర చక్ర లాంటి శౌర్య పతకాలకి అలవెన్సు ఉంటుంది కానీ, యుద్ధంలో పాల్గొన్నందుకిచ్చే ఇలాంటి వాటికి ఉండదు. నాన్నకి ఆ సంగతి మొదటి నుంచీ తెలుసు. ప్రతి ఏడాదీ జూలై 26న కార్గిల్ విజయ్ దివస్‌కి మాజీ సైనికులంతా మెడల్స్ పెట్టుకుని వస్తారు. అక్కడ ఎవరైనా "మీరెక్కడ చేశారు" అని అడిగితే నాన్న "ద్రాస్" అంటారు. అడిగినవాళ్ళ కళ్ళు ఆయన ఛాతీ మీదికి వెళతాయి. అక్కడ స్టార్ ఉండదు. ఇన్నేళ్ళుగా ఆయన మోస్తున్న బాధ ఇదొక్కటే.

ఈ మనిషి సరిగ్గా అక్కడే పట్టుకున్నాడు. మన వైపు పరిస్థితి మీకు చెప్పక్కర్లేదు. నాన్న చదివింది తెలుగులో, ఆఫీసుల్లో నడిచేది ఒరియా, ఆర్మీ నుంచి ఉత్తరం వస్తే హిందీ, ఇంగ్లీషు. ఆధార్‌లో ఇంటిపేరుతో ఒకలా, సర్వీసు కాగితాల్లో ఇంటిపేరు లేకుండా ఒకలా. ఫారం నింపాలంటే ఎవరో ఒకరి సాయం కావాలి. ఆ ఎవరో ఒకరు తెలుగులో మాట్లాడి, "జై హింద్ అన్నయ్యా" అని గుమ్మంలోకి వస్తే ఎవరైనా కూర్చోబెడతారు. నమ్మినందుకు మా నాన్నని ఎవరూ ఒక్క మాట అనకండి. తనతోపాటు యూనిఫాం వేసుకున్నవాడిని నమ్మడం ఆయనకి ఆర్మీ నేర్పింది.

రికార్డ్ ఆఫీసులో తెలిసినవాళ్ళు ఉన్నారన్నాడు. ముందు రూ.6,000 ఫోన్‌పే చేయించుకున్నాడు. తర్వాత "మీరట్‌లో మెడల్ ఫీజు కట్టాలి" అని ఇంకో రూ.8,000 చేతికి తీసుకున్నాడు. ఒరిజినల్ డిశ్చార్జి బుక్కు పట్టుకెళ్ళాడు. స్పర్శ్ లాగిన్ ఐడీ, పాస్‌వర్డ్ కూడా రాయించుకున్నాడు. వాటితోపాటు అమ్మ దాచిన ఉత్తరాలు తీసుకెళ్ళాడు. 1999లో నాన్న రాసిన ఇన్‌లాండ్ లెటర్లు అవి. 56 ఏపీఓ (ఆర్మీ పోస్టాఫీసు) అడ్రసు, ఫీల్డ్ పోస్టాఫీసు ముద్ర, తేదీ అన్నీ ఉన్నాయి. "ఇవే అసలు ప్రూఫ్ అమ్మా, ఇవి పంపిస్తే ఎవడూ కాదనలేడు" అన్నాడు. ఆ ఒక్క మాటా నిజమే చెప్పాడు.

పోయిన వారం డిశ్చార్జి బుక్కు, ఒక చిన్న వెల్వెట్ పెట్టె తెచ్చిచ్చి వెళ్ళిపోయాడు. పని అయిపోయిందట. నాన్న పెట్టె తెరిచారు. లోపల స్టార్ ఉంది. ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని వెనక్కి తిప్పి చూశారు. నాన్న మిగతా మెడల్స్ అన్నిటి మీదా ఆర్మీ నంబరు, పేరు చెక్కి ఉన్నాయి. దీని మీద ఏమీ లేదు. బజార్లో డబ్బులిస్తే దొరికే నకలు అది.

బుక్కు తెరిస్తే ఇంకా ఘోరం. మెడల్స్ వరుసలో చివర కొత్త నీలం ఇంకుతో "ఓపీ విజయ్ స్టార్" అని రాసి ఉంది, దాని మీద ఒక గుండ్రటి స్టాంపు. సంతకం ఎవరిదో తెలియదు. పార్ట్ టూ ఆర్డర్ (సర్వీస్ రికార్డులో మార్పుకి ఆర్మీ ఇచ్చే అధికారిక ఉత్తర్వు) నంబరు లేదు. తేదీ లేదు. స్టాంపులో స్పెల్లింగు కూడా తప్పే. అంటే రికార్డ్ ఆఫీసుకి ఒక్క కాగితం కూడా వెళ్ళలేదు. ఇక్కడే ఎక్కడో కూర్చుని, ప్రభుత్వం నాన్న చేతికిచ్చిన పుస్తకంలో దొంగ రాత రాసి తెచ్చాడు.

నిన్న సాయంత్రం నాన్న, నేను అతని ఆఫీసుకి వెళ్ళాం. అక్కడ జరిగింది మీ అందరికీ తెలియాలి.

లోపల ఇంకో ఇద్దరు ముసలాళ్ళు కూర్చుని ఉన్నారు, చేతుల్లో ఫైళ్ళతో. ఇంటికి వచ్చినప్పుడల్లా నాన్న కాళ్ళకి దండం పెట్టిన మనిషి, నిన్న కూర్చోమని కూడా అనలేదు. నాన్న నిలబడే బుక్కు తెరిచి, ఆ పేజీ చూపించి, "ఇది ఎవరు రాశారు?" అని అడిగారు. గొంతు పెంచలేదు.

అతను ఫోన్‌లోంచి తలెత్తకుండా, "ఎంట్రీ కావాలన్నారు, ఎంట్రీ ఉంది. స్టార్ కావాలన్నారు, స్టార్ ఇచ్చాను. ఇంకేటి కావాలి?" అన్నాడు.

"పార్ట్ టూ ఆర్డర్ ఏది?" అన్నారు నాన్న.

"జూలై 26న ఛాతీకి పెట్టుకుని తిరుగు అన్నయ్యా, ఆర్డర్ ఎవడడుగుతాడు?"

నేను కలగజేసుకుని, "మా డబ్బు, మా ఉత్తరాలు ఇచ్చెయ్యండి" అన్నాను. అప్పుడు తలెత్తాడు. నన్ను చూడలేదు. నాన్నని పైనుంచి కిందకి చూసి అన్నాడు: "ఏటమ్మా ఇంత గొడవ. మీ నాన్న ఏమైనా కొండెక్కి గన్ను పట్టుకున్నాడా? లారీ తోలినోడే కదా. తోలినోడికి ఈ మాత్రం చాలు."

ఆ గదిలో ఇద్దరు మాజీ సైనికులు వింటుండగా అన్నాడు. ఇన్ని వారాలు మా ఇంట్లో కూర్చుని, ద్రాస్ కబుర్లన్నీ నాన్న చేత చెప్పించుకుని, "మీలాంటోళ్ళకి అన్యాయం జరిగింది అన్నయ్యా" అని కళ్ళు తుడుచుకున్న మనిషి. డబ్బు తీసుకున్నప్పుడు నాన్న వీరుడు. కాగితం అడిగేసరికి లారీ తోలినోడు.

నాన్న ఒక్క మాటే అన్నారు. "ఆ కొండెక్కినోళ్ళకి గుళ్ళు ఎవడు పట్టుకెళ్ళాడ్రా?"

జవాబు లేదు. మళ్ళీ ఫోన్ చూసుకున్నాడు. ఉత్తరాలు "పై ఆఫీసుకి పంపేశాను" అన్నాడు. ఏ ఆఫీసుకి, ఏ తేదీన, స్పీడ్ పోస్టు రసీదు ఏదీ అంటే నోరు మెదపలేదు. కూర్చుని ఉన్న ఇద్దరిలో ఒకాయన మెల్లగా తన ఫైలు తీసుకుని మాతోపాటే బయటికి వచ్చేశాడు. ఆయన ఒరిజినల్స్ బయటపడ్డాయి. రెండో ఆయన ఇంకా లోపలే కూర్చున్నాడు. ఆయన ఏ ఊరో తెలియదు. ఆయన పిల్లలు ఎవరైనా ఇది చదువుతుంటే వెంటనే వెళ్ళి ఆయన్ని తీసుకురండి.

ఈరోజు పొద్దున్న మాజీ సైనికుల పనులు చూసే సైనిక్ బోర్డుకి వెళ్ళాం. అక్కడి ఆయన పేజీ చూడగానే దొంగ ఎంట్రీ అని చెప్పేశారు. ఇది ఇలాగే ఎక్కడైనా చూపిస్తే, రాసింది ఎవరో తేలేలోపు అనుమానం పుస్తకం ఎవరిదో వాళ్ళ మీదికే వస్తుందన్నారు. ఇది విన్నప్పుడు నాన్న ముఖం చూడలేకపోయాను. దశాబ్దాల సర్వీసులో రెడ్ ఇంక్ ఎంట్రీ, అంటే శిక్ష పడినట్టు రాత, ఒక్కటి లేని మనిషి ఆయన. ఇప్పుడు తన పుస్తకంలో రాత తను రాయలేదని తనే రుజువు చేసుకోవాలి. స్టార్ సంగతి వెనక్కి పోయింది. ముందు ఈ మచ్చ తుడుచుకోవాలి. బోర్డు ఆయన సలహా మీద పోలీస్ స్టేషన్‌లో కంప్లయింటు ఇచ్చాం, దాని కాపీ పెట్టి రికార్డ్ ఆఫీసుకి జరిగిందంతా రాసి స్పీడ్ పోస్టు చేశాం. ఫోన్‌పేలో వెళ్ళిన డబ్బు గురించి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశాం. స్పర్శ్ పాస్‌వర్డ్ మార్చేశాం.

డబ్బు పోతే పోయింది. ఆ ఉత్తరాలు మాత్రం నాకు కావాలి. నాన్న అప్పుడు అక్కడ ఉన్నారని చెప్పడానికి మా ఇంట్లో ఉన్న ఆధారం అవే. అమ్మ పెట్టెలో అడుగున చీరల కింద దాచి పెట్టుకున్నవి. అతని దగ్గరికి వెళ్ళిన మీ ఫైళ్ళలో ఎక్కడైనా 56 ఏపీఓ అడ్రసు ఉన్న నీలం ఇన్‌లాండ్ లెటర్లు పొరపాటున కలిసి వస్తే, దయచేసి పారెయ్యకండి, నాకు చెప్పండి.

ఇక అసలు దారి ఏమిటో నాకు ఈరోజు తెలిసినంత వరకు రాస్తున్నాను. సర్వీస్ రికార్డులో మెడల్ చేర్చేది మీ రెజిమెంట్ లేదా కోర్ రికార్డ్ ఆఫీసు ఒక్కటే. మద్రాస్ రెజిమెంట్ వాళ్ళకి వెల్లింగ్టన్, ఆర్టిలరీకి నాసిక్ రోడ్, ఈఎంఈకి (బండ్లు, యంత్రాల మరమ్మతుల కోర్) సికింద్రాబాద్, ఏఎస్‌సీకి (సరఫరా, రవాణా కోర్) బెంగళూరు. దానికి ఫీజు లేదు, ఏజెంటు అక్కర్లేదు. తెల్లకాగితం మీద ఆర్మీ నంబరు, ర్యాంకు, పేరు, ఏ యూనిట్, ఎవరికి అటాచ్ అయ్యారు, ఎప్పటి నుంచి ఎప్పటిదాకా, ఎక్కడ అన్నది రాయండి. డిశ్చార్జి బుక్కు, పీపీఓ, ఆధార్ జిరాక్సులు పెట్టండి. మూవ్‌మెంట్ ఆర్డరు, పాత ఉత్తరాలు, ఫోటోలు ఉంటే వాటి జిరాక్సులూ పెట్టండి. నేరుగా స్పీడ్ పోస్టు చెయ్యొచ్చు, సైనిక్ బోర్డు ద్వారా కూడా పంపొచ్చు. వాళ్ళు పాత రికార్డులు చూసి అర్హత తేల్చాక పార్ట్ టూ ఆర్డరు వస్తుంది. మెడల్ వచ్చేది మీరట్ కంటోన్మెంట్‌లోని రక్షణ శాఖ మెడల్స్ విభాగం నుంచి, ఎవరి సంచీలోంచో కాదు.

జవాబు రాకపోతే సమాచార హక్కు కింద అడగండి. ఫీజు 10 రూపాయలు, 30 రోజుల్లో జవాబివ్వాలి, అందకపోతే మొదటి అప్పీలుకి ఫీజు కూడా లేదు. ఇంగ్లీషులో రాయడం ఇబ్బందైతే నాకు మెసేజ్ పెట్టండి, నేను రాసిపెడతాను. పర్లాకిమిడిలో ఉన్నవాళ్ళయితే ఇంటికే రండి, జిరాక్సులు మాత్రమే తెచ్చుకోండి.