జేబు కెమెరానా, నీళ్ల కెమెరానా, పాత డీఎస్ఎల్ఆరా: మన దుమ్ముకీ ఉప్పుగాలికీ ఏది మేలు?

కెమెరా రివ్యూల్లో చాలావరకు పెట్టె విప్పిన వారంలోనే రాసేస్తారు. ఆ వారంలో ఏ కెమెరా అయినా ముద్దుగానే ఉంటుంది. ఎన్ని మెగాపిక్సెళ్లు, రాత్రి ఫోటో ఎలా వచ్చింది, ఇవే కబుర్లు. ఒక వేసవి, ఒక వానాకాలం దాటాక లెన్స్ ఇంకా సాఫీగా బయటికొస్తోందా, బ్యాటరీ మూత గట్టిగా పడుతోందా, చేతి చెమటకి రబ్బరు లేచిపోయిందా అని చెప్పేవాళ్లు చాలా తక్కువ. డిజిటల్ కెమెరాలో సెన్సర్ (వెలుతురుని ఫోటోగా మార్చే పలక) దానంతటది చెడిపోవడం అరుదు. ముందు మొరాయించేవి కదిలే భాగాలు, తెరిచి మూసే మూతలు, జిగురుతో అంటించిన రబ్బర్లు. అందుకే ఈ పోలికలో ఫోటో నాణ్యతకి చివర్లో కాస్త చోటిస్తాను, మిగతాదంతా ఈ చిల్లర భాగాల గురించే.

పోటీలో ఉన్నవి మూడు రకాలు. ఒకటి జేబులో పట్టే ఖరీదైన కాంపాక్ట్, అంటే సోనీ ఆర్‌ఎక్స్100 వరస, రికో జీఆర్ 3 లాంటివి. ఆన్ చేస్తే లెన్స్ బయటికొస్తుంది, ఆఫ్ చేస్తే లోపలికి ముడుచుకుంటుంది. రెండోది నీళ్లలో ముంచినా ఏమీ కాదనే మొండి రకం. ఓఎం సిస్టమ్ వాళ్ల టీజీ-7, దానికి ముందు ఒలింపస్ పేరుతో 2019లో వచ్చిన టీజీ-6 ఈ కోవలోవి. మూడోది సెకండ్ హ్యాండ్‌లో దొరికే చిన్న డీఎస్ఎల్ఆర్, అంటే లోపల అద్దం ఉండి, లెన్స్ ఊడదీసి మార్చుకోగలిగే కెమెరా, నికాన్ డీ3500 లాంటిది. నేనుండేది విశాఖలో. బీచ్ ఇసుక, ఉప్పుగాలి, ఏసీ గదిలోంచి బయటికి రాగానే అద్దాల మీద పట్టే చెమ్మ, ఇవన్నీ తట్టుకోవాలి. హైదరాబాద్ వాళ్లు ఉప్పు తీసేసి రోడ్డు దుమ్ము కలుపుకుంటే లెక్క సరిపోతుంది. చేతిలో ఫోన్ ఉండగా ఇవన్నీ ఎందుకు అనుకునేవాళ్లు ఫోన్‌తోనే హాయిగా ఉండొచ్చు, వెటకారం కాదు, నిజంగానే అంటున్నా.

ముందు లెన్స్ సంగతి చూద్దాం, సగం గొడవ అక్కడే ఉంది. జేబు కెమెరాలో లెన్స్ గొట్టాలు ఒకదాంట్లో ఒకటి దూరి ఉంటాయి. ఆన్ చేయగానే అవి బయటికి సాగుతాయి, లోపల ఖాళీ పెరుగుతుంది, ఆ ఖాళీ నింపడానికి గాలి కావాలి, అది గొట్టాల మధ్య సన్నటి సందుల్లోంచే లోపలికొస్తుంది, వస్తూ వస్తూ జేబులో ఉన్న నూలు పీచునీ దుమ్మునీ కూడా వెంటబెట్టుకొస్తుంది. కొలిమి దగ్గర తిత్తి గాలి పీల్చే తీరే ఇది. లోపలికెళ్లిన నలుసు సెన్సర్ మీద కూర్చుంటే మామూలు ఫోటోల్లో పెద్దగా కనబడదు. ఎండలో ఎఫ్ 11కో ఎఫ్ 16కో వెళ్లి, అంటే లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రాన్ని బాగా చిన్నది చేసి, ఆకాశాన్ని తీసినప్పుడు మాత్రం బూడిదరంగు మచ్చలా తేలుతుంది, ఆ తర్వాత తీసే ప్రతి ఆకాశంలోనూ అదే చోట ఉంటుంది.

నా జేబు కెమెరాలో (ఏ కంపెనీదన్నది అనవసరం) ఆ మచ్చ మొదటి ఎండాకాలంలోనే వచ్చింది. దానికంటే ముందే లెన్స్ బయటికొచ్చేటప్పుడు సన్నగా కర్రుమనే చప్పుడు మొదలైంది. ఆర్కే బీచ్‌లో సాయంత్రం పూట నాలుగు ఫోటోలు తీసి మళ్లీ జేబులో వేసుకోవడం తప్ప దాన్ని ఇసుకలో పడేసింది లేదు, నీళ్లకి చూపించింది లేదు. సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే లోపల ఇసుక ఉంది కాబట్టి వారంటీ వర్తించదన్నారు, మొత్తం లెన్స్ యూనిట్ మార్చాలన్నారు, చెప్పిన ధర వింటే ఇంకొంచెం వేసుకుని వేరే కెమెరా కొనుక్కోవచ్చనిపించింది. సెన్సర్ మీది దుమ్ము దులపాలన్నా ఇదే తంతు, లెన్స్ ఊడిరాదు కాబట్టి కెమెరా మొత్తం విప్పాల్సిందే. చివరికి ఊళ్లో చిన్న కొట్లో రిపేర్లు చేసే అతని దగ్గరికెళ్లాను. "సార్, ఈ లెన్స్ బయటికొచ్చే కెమెరాలే నాకు అన్నం పెడుతున్నాయి" అన్నాడు నవ్వుతూ. జీఆర్ 3లో సెన్సర్‌ని కంపింపజేసి దుమ్ము దులిపే ఏర్పాటు పెట్టారు, అంతకుముందున్న జీఆర్ 2లో అది లేదు. ఉండటం మంచిదే. కానీ గొట్టం పీల్చే గాలిని అది ఆపలేదు కదా.

టీజీ రకంలో ఈ తలనొప్పి అసలు లేదు. లెన్స్ ఎప్పుడూ బయటికి రాదు. గాజు పలక వెనకాల కాంతి మలుపు తిరిగి ఒంట్లోనే నిలువుగా ప్రయాణిస్తుంది, జూమ్ చేసినా కదిలేదంతా లోపలే. 15 మీటర్ల లోతు నీళ్లు, 2.1 మీటర్ల ఎత్తు నుంచి పడటం, 100 కిలోల బరువు, సున్నాకి కింద 10 డిగ్రీల చలి, ఇవన్నీ తట్టుకుంటుందని కంపెనీ లెక్క. మనకి ఆ చలితో పని లేదు, లంబసింగిలో కూడా అంత పడదు. మా బావమరిది అలాంటి మొండి కెమెరానే రుషికొండలో నీళ్లలోకి తీసుకెళ్తాడు, ఇంటికొచ్చాక బకెట్ మంచినీళ్లలో కాసేపు నానబెట్టి, తుడిచి, నీడన ఆరబెడతాడు. చేయాల్సిందీ అదే, సముద్రపు నీళ్లు ఆరిపోయాక మూతల సందుల్లో మిగిలే ఉప్పు గరకే ఈ రకానికి అసలు శత్రువు. మూత చుట్టూ ఉండే రబ్బరు పట్టీ మీద ఒక్క వెంట్రుక, ఒక్క ఇసుక రేణువు ఇరుక్కుంటే నీళ్లు లోపలికొచ్చేస్తాయి. ఆ పట్టీ కూడా కాలంతోపాటు గట్టిపడుతుంది, అప్పుడప్పుడు మార్పించాలి, పాతబడిన దాన్ని 15 మీటర్లని నమ్మి నీళ్లలో ముంచడం సాహసమే.

డీఎస్ఎల్ఆర్‌కి నీళ్లన్నా ఇసుకన్నా పడదు. డీ3500 లాంటి చవక బాడీలకి దుమ్మూ నీళ్లూ చొరకుండా ఆపే సీలింగ్ లేదు, లెన్స్ మార్చిన ప్రతిసారీ దుమ్ము వస్తుంది, పైగా డీ3500లో సెన్సర్‌ని తనంతట తాను శుభ్రం చేసుకునే ఏర్పాటు కూడా లేదు. అయినా నా మొగ్గు ఇటే ఉందంటే కారణం ఒక్కటే: దుమ్ము పడితే తీయొచ్చు. మెనూలో అద్దం పైకెత్తే ఆప్షన్ ఉంది, చవకలో దొరికే గాలి బుడ్డి ఉంది, కెమెరాని బోర్లించి నాలుగు సార్లు ఊదితే చాలావరకు పోతుంది. నోటితో మాత్రం ఊదకండి, ఉమ్మి తుంపర పడితే దుమ్ము కంటే పెద్ద తలనొప్పి. లెన్స్ చెడితే లెన్స్ ఒక్కటే మారుస్తాం, బాడీ చెడితే లెన్సులు మిగులుతాయి. జేబు కెమెరాలో ఏది చెడినా అంతా చెడినట్టే.

ఇక చేతికి తగిలే డిజైన్ చిరాకులు. ఇవి దుకాణంలో నిలబడి చూస్తే తెలియవు, వాడుతుంటే బయటపడతాయి. నా దాంట్లో పైనున్న డయల్ జేబులోంచి తీసేలోపు తిరిగిపోతుంది. మబ్బు పట్టిన రోజు కాబోలు ఫోటోలన్నీ నల్లగా వస్తున్నాయనుకుని చూస్తే ఎక్స్‌పోజర్ (ఫోటో ఎంత వెలుగుగా రావాలన్న సెట్టింగు) మైనస్ రెండు దగ్గర ఉంటుంది. దానికో లాక్ బటన్ పెట్టడానికి ఎంత ఖర్చవుతుంది? ముందువైపు నున్నటి లోహం, చెమట చేత్తో పట్టుకుంటే జారుతుంది. నాదొక్కటే అనుకోకండి, ఆర్‌ఎక్స్100 2012లో వచ్చినప్పటి నుంచీ ముందు పట్టు లేకుండానే వచ్చింది, సోనీనే అంటించుకునే గ్రిప్ ఒకటి విడిగా అమ్మింది. అదే వరసలో 2014 నాటి మూడో మోడల్‌లో కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్‌ని పైకి లేచేలా పెట్టారు. పైకి లేపాక కంటి భాగాన్ని మళ్లీ చేత్తో వెనక్కి లాగాలి, పని అయ్యాక కిందకి నొక్కితే కెమెరానే ఆఫ్ అయిపోయేది. 2018లో ఆరో మోడల్ వచ్చాక గానీ ఒక్క నొక్కుతో లేచేలా చేయలేదు. పర్సు బరువు కెమెరాలో ఇంత ఇంజినీరింగ్ ఎలా పెట్టారో అని ముచ్చటేస్తుంది, రోజూ వాడేవాళ్లని ఒక్కసారి అడిగి ఉంటే బాగుండేదనీ అనిపిస్తుంది.

టీజీలో మూతలకి రెండంచెల లాక్ ఉంటుంది, బ్యాటరీ మార్చిన ప్రతిసారీ గోరుతో తంటాలు పడాలి, నీళ్లు లోపలికి పోకూడదంటే తప్పదు మరి. టీజీ-6లో పాత మైక్రో యూఎస్‌బీ, టీజీ-7కి టైప్ సీ వచ్చింది, రెండింట్లో ఏది కొనాలా అని ఆలోచించేవాళ్లకి నా మటుకు ఈ ఒక్క తేడా చాలు. డీఎస్ఎల్ఆర్‌లో చిరాకు వేరే రకం. డీ3500తో వచ్చే ఏఎఫ్-పీ కిట్ లెన్స్‌ని వాడే ముందు పక్కనున్న బటన్ నొక్కి తిప్పి సాగదీయాలి, మర్చిపోతే లెన్స్ తెరవమని స్క్రీన్ మీద చెబుతుంది, ఈలోపు పిల్లాడు నవ్వడం ఆపేస్తాడు. కార్డు మాత్రం పక్కన పెట్టారు, ట్రైపాడ్ ప్లేటు విప్పకుండా తీసుకోవచ్చు. చిన్న విషయమే, పెళ్లిలో ట్రైపాడ్ మీద నుంచి కార్డు మార్చాల్సొచ్చినప్పుడు ఎంత పెద్దదో అర్థమవుతుంది.

బ్యాటరీ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఒక్క చార్జింగ్‌కి జీఆర్ 3 సుమారు 200 ఫోటోలు, టీజీలు 300 పైచిలుకు, డీ3500 ఏకంగా 1550. ఇవి కంపెనీలు ప్రకటించిన అంకెలు. మన వాడకంలో అటూఇటూ అవుతాయి గానీ వరస మారదు.

రబ్బరు సంగతి మూడింటికీ ఉమ్మడి. చేతి చెమట, సన్‌స్క్రీన్, కొన్ని దోమల క్రీముల్లో ఉండే డీట్ అనే రసాయనం, ఇవి రబ్బర్నీ ప్లాస్టిక్‌నీ మెత్తబరుస్తాయి. మా అన్నయ్య పాత డీఎస్ఎల్ఆర్‌కి బొటనవేలు ఆనే చోట రబ్బరు ఉబ్బి, అంచు లేచి, వేలితో నొక్కితే మళ్లీ అంటుకుని, వదిలితే మళ్లీ లేస్తోంది. డబుల్ సైడ్ టేపుతో లాగిస్తున్నాడు. పెద్ద కంపెనీ అయితే ఇలాంటివి ఉండవులే అనుకోవడానికి లేదు. 2012లో కెనాన్ 650డీ కెమెరాల్లో కొన్నింటికి గ్రిప్ రబ్బరు తెల్లగా మారిపోతోందని కంపెనీయే ప్రకటన ఇచ్చి ఉచితంగా మార్చింది. అదే ఏడాది వచ్చిన నికాన్ డీ600లో సెన్సర్ మీద మచ్చలు పడుతున్నాయని గోల మొదలైంది, మరుసటి ఏడాదే డీ610 తెచ్చారు, 2014లో వారంటీ దాటినవాటికి కూడా షట్టర్ (సెన్సర్ ముందు తెరుచుకుని మూసుకునే తెర) ఉచితంగా మారుస్తామన్నారు. ఈ రెండూ చవక బొమ్మలు కావు. కొత్త మోడల్ వచ్చిన మొదటి నెలల్లోనే ఎగబడి కొనొద్దని నేననేది ఇందుకే.

"వెదర్ సీల్డ్" అన్న మాట చూసి పొంగిపోకండి. ఐపీ నంబర్ ఉంటే అది పరీక్షకి నిలిచిన మాట, మొదటి అంకె దుమ్ముకి, రెండోది నీటికి. ఉత్త మాటే ఉంటే దానికి ఇంతని కొలత లేదు. ఫ్యూజీ ఎక్స్100వీ 2020లో వచ్చినప్పుడు సీలింగ్ ఉందని గొప్పగా చెప్పారు, తీరా చూస్తే ముందు అడాప్టర్ రింగు, దాని మీద ఫిల్టర్ బిగిస్తేనే ఆ సీలింగ్ పూర్తవుతుంది. అంత డబ్బు పోసి కొన్నాక గొడుక్కి గుడ్డ విడిగా కొనుక్కోమన్నట్టు.

ఫోటో నాణ్యత దగ్గర లెక్క తిరగబడుతుంది. టీజీలో ఉన్నది 12 మెగాపిక్సెళ్ల చిన్న సెన్సర్, ఎండలో, నీళ్లలో, పువ్వు మీద చీమని దగ్గరగా తీయడంలో దానికి తిరుగులేదు, బొర్రా గుహల్లాంటి మసక వెలుతురులోకి వెళ్తే ఫోటో మరకలు మరకలుగా వస్తుంది. జీఆర్ 3లో ఉన్నది డీఎస్ఎల్ఆర్ సైజు సెన్సరే, బ్యాటరీతో కలిపి పావుకిలో పైన కాస్త, అందుకే ఇన్ని తిట్టినా జనం దాన్ని వదలరు. నేనూ నాదాన్ని వదల్లేదు, జిప్ ఉన్న చిన్న సంచీలో పెట్టి ఊళ్లో తిప్పుతున్నాను, బీచ్‌కి మాత్రం తీసుకెళ్లడం మానేశాను.

నా తీర్పు ఇది. సముద్రం, వాన, చిన్నపిల్లలు మీ రోజువారీ అయితే కళ్లు మూసుకుని టీజీ. ఇంటి ఫంక్షన్లు, టూర్లు, నాలుగైదేళ్లు లాగాలి, చెడితే ఊళ్లోనే బాగుచేయించుకోవాలి అనుకుంటే పాత డీఎస్ఎల్ఆర్, నా ఓటు దీనికే. జేబు కెమెరా మూడో స్థానం, అది కూడా ఇంకో కెమెరా ఉన్నవాళ్లకే. ఉన్న ఒక్క కెమెరా అదే అయితే ప్రతి ప్రయాణంలోనూ టెన్షన్.

పాతది కొనేటప్పుడు దుకాణంలోనే ఎఫ్ 16 పెట్టి తెల్లగోడని ఫోకస్ లేకుండా తీసి, ఫోటోని పెద్దది చేసి మూలలన్నీ చూడండి, మచ్చలుంటే తేలతాయి. లెన్స్ ఊడదీసి వెనకనుంచి టార్చి వేసి చూస్తే బూజు సాలెగూడు దారాల్లా కనిపిస్తుంది, అది కనిపిస్తే ఎంత తగ్గించినా వద్దనండి. కొన్నాక బీరువాలో బట్టల మధ్య, తోలు కవర్లో పెట్టొద్దు, తేమంతా దానికే పడుతుంది. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో, లోపల తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండేలా పెట్టండి. తేమ చూపించే చిన్న మీటర్ ఆన్‌లైన్‌లో చవకే, వానాకాలంలో దాని ముల్లు చూసి పొట్లాలు మార్చుకుంటూ ఉంటే సరిపోతుంది.