వంటింటి గోడ మీద రాస్ప్‌బెర్రీ పై టచ్ స్క్రీన్: ఏళ్ల వాడకం తర్వాత

రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతిలో పట్టే కంప్యూటర్ బోర్డు కొన్నవాళ్లలో చాలామంది దాన్ని రౌటర్ పక్కన ఎక్కడో పెట్టేసి, ల్యాప్‌టాప్‌లోంచి నడిపిస్తుంటారు. నేనూ కొంతకాలం అలాగే వాడాను. ఏడంగుళాల టచ్ స్క్రీన్ తగిలించి వంటింటి గోడకు పెట్టాకే ఆ బోర్డు మా ఇంట్లో అందరికీ పనికొచ్చే వస్తువైంది. అందుకే ఈ స్క్రీన్‌ని నేను ఒకే లెక్కన చూస్తాను: నేను ఇంట్లో లేనప్పుడు మా అమ్మ నాకు ఫోన్ చేయకుండా దీన్ని వాడుకోగలుగుతోందా, లేదా? వాడుకోగలుగుతోంది. అయితే ఊరికే రాలేదు, దాని వెనక కొంత పని ఉంది. ఆ పని గురించే ఈ సమీక్ష.

మా ఇల్లు విజయవాడ సత్యనారాయణపురంలో. కింద వాటాలో అద్దెకున్నవాళ్లకూ మాకూ కలిపి ఒకటే సంపు, ఒకటే ట్యాంకు. పొద్దున పంపు నీళ్లు వచ్చినప్పుడు సంపు నిండుతుంది, మోటారు వేసి పైకి ఎక్కించుకోవాలి. "మోటారు ఆపండీ, ట్యాంకు నిండి కారిపోతోంది" అని కింద వాటా పిన్నిగారు కేకేయని రోజు ఉండేది కాదు. ఇప్పుడు ట్యాంకు మూతకు శబ్ద తరంగాలతో దూరం కొలిచే ఒక అల్ట్రాసోనిక్ సెన్సర్, దానికి వైఫై ఉన్న చిన్న కంట్రోలర్ చిప్ ఈఎస్‌పీ32 ఒకటి ఉన్నాయి. నీటి మట్టం వైఫైలో స్క్రీన్‌కి వస్తుంది. మోటారు వెయ్యడానికీ ఆపడానికీ స్క్రీన్ మీద రెండు పెద్ద బటన్లు. పక్కనే ఆ రోజు తిథి, నక్షత్రం, రాహుకాలం. కింద ఆకాశవాణి పెట్టుకునే బటన్. ఇంతే. ఇంతకంటే ఎక్కువ పెడితే ఎవరూ చూడరు.

ముందు చిన్న స్క్రీన్ గురించి చెప్పాలి, ఎందుకంటే చాలామంది ధర చూసి దాని దగ్గరే ఆగుతారు. బోర్డు పిన్నుల మీద నేరుగా కూర్చునే మూడున్నర అంగుళాల స్క్రీన్ అది. 480×320 పిక్సెళ్లు, బోర్డుతో మాట్లాడేది పిన్నుల మీద నడిచే ఎస్‌పీఐ అనే నెమ్మదైన డేటా లైను ద్వారా. దాని పరిమితి లెక్క వేసుకుంటే తెలుస్తుంది. ఒక్కో పిక్సెల్‌కి 16 బిట్లు చొప్పున మొత్తం బొమ్మకు సుమారు 24.6 లక్షల బిట్లు. ఎస్‌పీఐ 16 మెగాహెర్ట్జ్‌లో నడిస్తే సెకనుకు ఆరేడు బొమ్మల కంటే రావు. 32కి పెంచినా పదమూడు దాటవు. అంకెలు చూసుకోవడానికి ఫర్వాలేదు, వేలితో జరిపితే మాత్రం స్క్రీన్ వెనకపడిపోతుంది. పైగా 26 పిన్నులను అదే కప్పేస్తుంది, ఇంకేదైనా తగిలించాలంటే చోటుండదు. అమ్మినవాళ్లు ఇచ్చిన స్క్రిప్ట్ నడిపితే అది బోర్డు సెట్టింగులన్నిటినీ తనకు కావలసినట్టు మార్చేసింది. కొత్త రాస్ప్‌బెర్రీ పై ఓఎస్‌లో డిస్‌ప్లే డ్రైవర్ పద్ధతి మారాక, మెయిన్ స్క్రీన్‌ని దీని మీదికి కాపీ చేసే పాత ఉపాయం పనిచేయడం మానేసింది. ఆ స్క్రీన్ ఇప్పుడు నా పని బల్ల మీద బోర్డు వేడి, ఐపీ అడ్రస్ చూపిస్తూ ఉంది. ఆ పనికి అది చక్కగా సరిపోయింది. డీఎస్ఐ పోర్టు (స్క్రీన్ తగిలించే ప్రత్యేక పోర్టు) లేని చిన్న బోర్డు పై జీరోకి కూడా అలాంటిదే దారి.

వంటింట్లో ఉన్నది రాస్ప్‌బెర్రీ పై వాళ్ల సొంత ఏడంగుళాల స్క్రీన్, 2015 సెప్టెంబరులో వచ్చిన మోడల్. 800×480 పిక్సెళ్లు, పది వేళ్లను ఒకేసారి గుర్తించే కెపాసిటివ్ టచ్. డీఎస్ఐ రిబ్బన్‌తో బోర్డుకు కలుస్తుంది, వెనక ఉన్న స్క్రూలకు బోర్డును బిగించెయ్యొచ్చు. అప్పట్లో ధర 60 డాలర్లు, మన దాకా వచ్చేసరికి పన్నులూ రవాణా ఖర్చూ తోడవుతాయి. నేను 2 జీబీ మెమరీ ఉన్న రాస్ప్‌బెర్రీ పై 4 బోర్డుతో వాడుతున్నాను. డ్రైవర్లు వెతుక్కోనక్కర్లేదు, తగిలించి ఆన్ చేస్తే టచ్‌తో సహా వచ్చేస్తుంది. మూడున్నర అంగుళాల దానితో కుస్తీ పట్టినవాళ్లకు ఈ సుఖం విలువ తెలుస్తుంది.

ఇక నాకు అన్నిటికంటే ముఖ్యమైన సంగతి, తెలుగు. అమ్మ ఇంగ్లీషు చదవగలదు, కానీ వంట మధ్యలో తల తిప్పి ఒక్క చూపులో చదవాలంటే తెలుగే ఉండాలి. మొదట పైగేమ్‌తో (పైథాన్‌లో ఆటలు రాసే లైబ్రరీ) స్క్రీన్ తయారుచేశాను. అక్షరాలు కనబడ్డాయి కానీ ఒత్తులు విడిపోయి పక్కకొచ్చి కూర్చున్నాయి. జ్యేష్ఠ, కృత్తిక, ఉత్తరాభాద్ర లాంటి నక్షత్రాల పేర్లు చదవడానికి వీల్లేకుండా పోయాయి. తెలుగుకు ఫాంట్ ఒక్కటే చాలదు, అక్షరాన్నీ గుణింతాన్నీ ఒత్తునూ కలిపి పేర్చే షేపింగ్ ఇంజన్ కూడా కావాలి. క్రోమియం బ్రౌజర్‌లో ఆ పని హార్ఫ్‌బజ్ అనే ఇంజన్ చేసిపెడుతుంది. అందుకే మొత్తాన్ని ఒక వెబ్ పేజీగా రాసి, క్రోమియంని కియోస్క్ పద్ధతిలో స్క్రీన్ నిండా తెరిపిస్తున్నాను. ఫాంట్లకు డెబియన్‌లో (రాస్ప్‌బెర్రీ పై ఓఎస్‌కు మూలమైన లినక్స్) 'ఫాంట్స్-తెలు' ప్యాకేజీ ఉంది. దాని ద్వారా లోహిత్‌తో పాటు పోతన, వేమన ఫాంట్లు కూడా వస్తాయి. నేను నోటో సాన్స్ తెలుగు వాడుతున్నాను, దూరం నుంచి అది స్పష్టంగా ఉంటుంది.

వరసల మధ్య ఎడం కూడా చూసుకోవాలి. ఇంగ్లీషుకు సరిపోయే ఎడం పెడితే పై వరస ఒత్తులు కింద వరస గుడుల మీద పడతాయి. అక్షరం ఎత్తుకు 1.6 రెట్లు పెట్టాక కంటికి హాయిగా ఉంది. ఈ స్క్రీన్ మీద ఒక సెంటీమీటరుకు సుమారు 52 పిక్సెళ్లు వస్తాయి. బటన్ రెండు సెంటీమీటర్లకు తగ్గితే పెద్దవాళ్ల వేలు పక్కదాని మీద పడుతుంది, అంటే కనీసం 104 పిక్సెళ్లు. 'మోటారు ఆపు' అన్నది పెద్దక్షరాల్లో పట్టాలంటే ఇంకా వెడల్పు కావాలి. మూడున్నర అంగుళాల స్క్రీన్ ఇంటికి ఎందుకు పనికిరాదో ఈ లెక్కలోనే తెలిసిపోతుంది.

తిథి, నక్షత్రాలను విజయవాడ అక్షాంశ రేఖాంశాలతో పైథాన్‌లో స్విస్ ఎఫిమెరిస్ అనే గ్రహగణిత లైబ్రరీ పెట్టి లెక్క కట్టిస్తున్నాను. సూర్యచంద్రుల మధ్య దూరం పన్నెండు డిగ్రీలు పెరిగినప్పుడల్లా ఒక తిథి. నక్షత్రానికైతే చంద్రుడొక్కడే పదమూడు డిగ్రీల ఇరవై నిమిషాలు కదలాలి. అమ్మ చాలా రోజులు గోడ క్యాలెండర్‌తో సరిచూసింది. ఇప్పుడు ఏకాదశి ఎన్ని గంటల దాకా ఉందో స్క్రీన్ మీదే చూస్తోంది. దీంట్లో నాకు అన్నిటికంటే సంతోషం కలిగించేది అదే.

వంటింట్లో కెపాసిటివ్ టచ్‌కు పెద్ద చిక్కు తడి చేతులు. గిన్నెలు కడిగిన చేత్తో తాకితే కొన్నిసార్లు పలకదు, కొన్నిసార్లు నీటిచుక్కనే వేలనుకుని వేరే చోట నొక్కినట్టు తీసుకుంటుంది. ఒత్తిడితో పనిచేసే రెసిస్టివ్ స్క్రీన్‌కు ఈ బాధ లేదు, గోటితో నొక్కినా పలుకుతుంది. కానీ దాని పైపొర ప్లాస్టిక్, రోజూ తుడిచే చోట గీతలు పడి మసకబారుతుంది. గాజు మీద పసుపు మరకైనా తడిగుడ్డతో పోతుంది. అందుకే గాజుదే ఉంచుకుని, సింకుకూ పొయ్యికీ దూరంగా, తలుపు పక్కన గోడకు పెట్టాను. మోటారు బటన్‌ను రెండు సెకన్లు నొక్కి పట్టుకుంటేనే పనిచేసేలా మార్చాను. నీటిచుక్క వల్ల మోటారు తిరగడం అప్పటినుంచి లేదు.

ఇలాంటిదే ఇంకొకటి. రాత్రి స్క్రీన్ వెలుగు ఆర్పేస్తే, పొద్దున దాన్ని వెలిగించడానికి తాకిన మొదటి తాకుడే కింద ఉన్న బటన్‌కీ తగులుతుంది. చీకట్లో తాకేవాళ్లకు ఏ బటన్ ఎక్కడుందో కనబడదు కదా. వెలుగు ఆరినప్పుడు పేజీ మీద ఒక నల్ల పొర కప్పి, మొదటి తాకుడు దానికే తగిలేలా చేస్తే సరిపోతుంది. వెలుగు స్థాయి 0 నుంచి 255 దాకా మార్చుకోవచ్చు. రాత్రికి 20 చాలు, హాల్లో పడుకున్నవాళ్ల కళ్లలో పడదు.

మోటారు సంగతిలో ఒక మాట గట్టిగా చెబుతాను. దాన్ని ఆపే బాధ్యత స్క్రీన్ మీద పెట్టకండి. బ్రౌజర్ బిగుసుకుపోవచ్చు, వైఫై పోవచ్చు. మా ఇంట్లో మోటారు స్టార్టర్ దగ్గరున్న ఇంకో ఈఎస్‌పీ32లోనే టైమర్ ఉంది, ఎవరూ చెప్పకపోయినా గడువు కాగానే అదే ఆపేస్తుంది. చిన్న రిలే (చిప్ చెబితే పడే స్విచ్చు) నేరుగా మోటారు కరెంటును మోయదు, రిలే కాంటాక్టర్‌ను (పెద్ద కరెంటు మోసే స్విచ్చు) లాగాలి, కాంటాక్టర్ మోటారును నడపాలి. ఆ వైరింగు లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేతే చేయించాను. పాత స్విచ్చు కూడా అలాగే ఉంచాం.

కరెంటు దగ్గర పిసినారితనం పనికిరాదు. ఈ స్క్రీన్ పూర్తి వెలుగులో దాదాపు అర ఆంపియర్ తీసుకుంటుంది, అదీ బోర్డు 5 వోల్టుల పిన్ను నుంచే. ఫోన్ చార్జరుతో నడిపితే వోల్టేజి 4.63 కంటే దిగి తెర మూల పసుపు మెరుపు గుర్తు వస్తుంది, బోర్డు నెమ్మదిస్తుంది. నాసిరకం అడాప్టర్లతో ఇంకో తంటా, వాటి నుంచి వచ్చే ఎలక్ట్రికల్ నాయిస్‌కు ఎవరూ తాకకుండానే తాకినట్టు నమోదవుతుంది. 5 వోల్టులు, 3 ఆంపియర్ల అసలు అడాప్టర్ పెట్టాక రెండూ పోయాయి. ఇన్వర్టర్ మారే క్షణంలో అప్పుడప్పుడూ బోర్డు రీస్టార్ట్ అవుతుంది. అందువల్ల ఎస్‌డీ కార్డు పాడవకుండా రాస్పీ-కాన్ఫిగ్ అనే సెట్టింగుల మెనూలో ఓవర్‌లే ఫైల్ సిస్టమ్ ఆన్ చేశాను, రాతలన్నీ మెమరీలోనే జరిగి కార్డు మీద పడవు. పై 4లో బ్యాటరీతో నడిచే గడియారం లేదు. కరెంటు వచ్చినా ఇంటర్నెట్ రాకపోతే టైము తప్పు చూపిస్తుంది, దాంతో తిథీ తప్పుతుంది. డీఎస్3231 గడియారం ముక్కను 1, 3, 5, 7, 9 పిన్నుల మీద గుచ్చాను. స్క్రీన్ కరెంటు వైర్లు 4, 6 పిన్నుల మీద ఉంటాయి కాబట్టి ఒకదానికొకటి అడ్డం రావు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లు మునిగినప్పుడు, మా వీధిలో నీళ్లు లేకపోయినా కరెంటూ నెట్టూ వస్తూ పోతూ ఉండేవి. అప్పుడు గడియారం తప్పలేదు. ట్యాంకులో ఎన్ని నీళ్లు మిగిలాయో చూసుకుంటూ పొదుపుగా వాడుకున్నాం. ఆ రోజుల్లో ఈ స్క్రీన్ మాకు చాలా ధైర్యమిచ్చింది.

వేడి మరో సంగతి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ఆ ఎండల్లో వంటిల్లు ఎలా ఉంటుందో బెజవాడ వాళ్లకు చెప్పక్కర్లేదు. స్క్రీన్ వెనకే బోర్డు ఉంటుంది కాబట్టి దాని వేడి, బ్యాక్‌లైట్ వేడి రెండూ ఒకే చోట చేరతాయి. 80 డిగ్రీలు దాటితే పై 4 తన వేగం తానే తగ్గించుకుంటుంది. ఆటోనగర్‌లో రేకు వంచి ఫ్రేము చేయించాను, వెనక పూర్తిగా తెరిచి, గోడకు రెండు వేళ్ల ఎడం ఉండేలా. ఇనప పెట్టెలో మూసేస్తే వైఫై కూడా బలహీనపడుతుంది, అందుకూ తెరిచి ఉంచడమే మంచిది. చిన్న అల్యూమినియం హీట్‌సింకు చాలింది. ఫ్యాన్ పెట్టలేదు, వంటింటి జిడ్డుకు అది ఎన్నాళ్లో తిరగదు.

నచ్చనివీ ఉన్నాయి. పక్క నుంచి చూస్తే ఫర్వాలేదు, కింద నుంచి చూస్తే రంగులు వెలిసిపోతాయి, కాబట్టి ఇంట్లోవాళ్ల కంటి ఎత్తుకే పెట్టుకోవాలి. ఓఎస్ పెద్ద వెర్షన్ మారినప్పుడల్లా స్క్రీన్ తిప్పే పద్ధతి మారుతోంది. మునుపు కాన్ఫిగ్ ఫైల్లో ఒక్క వరస రాస్తే బొమ్మా టచ్చూ కలిసి తిరిగేవి. 2023లో బుక్‌వర్మ్ వెర్షన్‌తో వేలాండ్ (తెర మీద బొమ్మ చూపే కొత్త పద్ధతి) వచ్చాక రెండిటినీ విడివిడిగా చూసుకోవాల్సి వచ్చింది. బొమ్మ తిరిగి టచ్ తిరగకపోతే పైన నొక్కితే కింద పలుకుతుంది. ఇంట్లో వాళ్లకు అది అర్థం కాదు, టెన్షన్ పడతారు. అందుకే నడుస్తున్న కార్డుకు ఇమేజ్ కాపీ తీసి పెట్టుకుని, కొత్త వెర్షన్‌ను ముందు వేరే కార్డు మీద ప్రయత్నిస్తాను.

ఇప్పుడు కొనేవాళ్లు 2024 నవంబరులో వచ్చిన టచ్ డిస్‌ప్లే 2 చూడండి. అదీ 60 డాలర్లకే వచ్చింది. 720×1280 పిక్సెళ్లు కాబట్టి తెలుగు ఒత్తులు ఇంకా నున్నగా కనబడతాయి. అయితే అది నిలువు తెర, అడ్డంగా కావాలంటే తిప్పుకోవాలి. పాత స్క్రీన్ దొరికి పై 5కి పెట్టాలనుకుంటే మాత్రం 15 పిన్నుల నుంచి 22 పిన్నులకు మారే రిబ్బన్ విడిగా కొనుక్కోవాలి, బోర్డు మీద ఆ పోర్టు చిన్నదైంది. గుంటూరులో మా అత్తగారింటికి కొత్తది నిలువుగానే పెట్టాను. పైన ట్యాంకు, మధ్యలో పంచాంగం, కింద చేతికందే ఎత్తులో బటన్లు. నిలువు తెరలో ఆ వరస బాగా కుదిరింది.