బరంపురంలో బస: ఆసుపత్రి పని మీద వెళ్లేవారు చూసుకోవలసినవి

ఒడిశాలోని గంజాం జిల్లాలో పెద్ద పట్టణమైన బరంపురానికి ఇచ్ఛాపురం, సోంపేట, పలాస ప్రాంతాల తెలుగువారు ఎక్కువగా ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రి పని మీదో, పెళ్లి పట్టుచీరల కొనుగోలుకో వెళ్తుంటారు. రెండూ ఒక్క పూటలో తెమిలే పనులు కావు గనుక రాత్రి బస తప్పదు. మా నాన్నగారి మోకాళ్ల వైద్యం కోసం ఇటీవల ఆసుపత్రికి చేరువలోని ఒక మధ్యతరగతి లాడ్జిలో దిగాము. లోపాలు కూడా చెప్పవలసి ఉన్నందున దాని పేరు రాయడం లేదు.

అక్కడ ఏసీ లేని డబుల్ రూమ్, ఏసీ డీలక్స్, నాలుగు మంచాల ఫ్యామిలీ రూమ్ అని మూడు రకాలున్నాయి. డీలక్స్ అంటే విశాలమైన గది అనుకుంటాము గానీ, కొలతలో అది మామూలు డబుల్ రూమే. ఏసీ, టీవీ, గీజర్ మాత్రమే అదనం. అసలు తేడా స్నానాల గదిలో ఉంది. డీలక్స్‌లో వెస్టర్న్ కమోడ్ ఉండగా, మిగిలిన రెండింటిలో కింద కూర్చోవలసిన మరుగుదొడ్డే ఉంది. మోకాళ్లు వంగని మనిషితో వెళ్లేవారికి ఏసీ కంటే ఇదే ముఖ్యమైన విషయం. ధరల పట్టికలో మాత్రం దీని ప్రస్తావనే లేదు. అడ్వాన్స్ కట్టే ముందే గది చూపించమని అడగాలి, కుళాయి తిప్పి చూడాలి, తలుపు గడియ సరిగా పడుతోందో లేదో పరీక్షించాలి.

ఈ లాడ్జిని నేను మెచ్చుకోవడానికి మొదటి కారణం ఇరవై నాలుగు గంటల లెక్క. హౌరా–చెన్నై మార్గంలోని రైళ్లలో కొన్ని బరంపురానికి అర్ధరాత్రి దాటాక చేరతాయి. మధ్యాహ్నం పన్నెండింటికి ఖాళీ చేయాలనే నియమం ఉన్న హోటల్లో తెల్లవారుజామున దిగినవారు కొన్ని గంటల నిద్రకే పూర్తి రోజు అద్దె ఇచ్చుకోవాలి. ఇక్కడ మేము దిగిన సమయాన్ని, అంటే 2.40ని, రిజిస్టరులో నా సంతకం పక్కనే రాసి, చుట్టూ గీత గీసి, ‘రేపు రాత్రి ఇదే టైము వరకూ గది మీదేనండి’ అని గుమాస్తా నాకు చూపించాడు. అంత స్పష్టంగా చెప్పిన తరువాత బిల్లు దగ్గర వాదనకు తావే ఉండదు.

రెండో కారణం మనుషులు. మాకిచ్చిన గది మొదటి అంతస్తులో ఉంది. నాన్నగారు మెట్ల దగ్గర ఆగిపోవడం చూసి, మేము అడగకముందే గుమాస్తా తాళాలు మార్చి, అదే అద్దెకు కింది అంతస్తు గది ఇచ్చాడు. గీజర్ పనిచేయడం లేదని చెబితే, ఆసుపత్రిలో ఓపీ చీటీ కోసం పెందలాడే బయలుదేరాలని తెలిసిన రూమ్ బాయ్, మామూలుగా ఆరు తరువాత ఇచ్చే వేడినీళ్ల బకెట్‌ను అయిదింటికే గుమ్మం ముందుంచి, ‘బాబుగారూ, నీళ్లు కాగున్నాయి, చూసి పోసుకోండి’ అని నాన్నగారికి మరీ చెప్పి వెళ్లాడు. రోగితో ఉన్న కుటుంబానికి ఇటువంటి ఆదరణ ఎంత ఊరటో అనుభవించినవారికే తెలుస్తుంది.

లోపాలను దాచను. దిండు గలేబులు మరకలతో ఉన్నాయి. అడిగాక మార్చారు, కానీ అడిగేవరకూ మార్చలేదు. కరెంటు పోతే ఇన్వర్టరుపై ఫ్యాను, ఒక దీపం మాత్రమే నడుస్తాయి. బిల్లులో జీఎస్టీ 12 శాతం వేశారు. రోజుకు రూ.7,500 వరకు అద్దె ఉన్న గదులపై 2025 సెప్టెంబరు 22 నుంచి పన్ను 5 శాతమేనని గుర్తుచేయగా సరిచేసి ఇచ్చారు. గమనించని వారి పరిస్థితి ఏమిటన్నది నన్ను ఇప్పటికీ బాధిస్తోంది.

చీరల కోసం కుటుంబంతో వచ్చేవారికి ఆసుపత్రి దగ్గర బస అక్కరలేదు. పదహారు కిలోమీటర్ల దూరంలోని గోపాలపురం సముద్రతీరంలో చిన్న లాడ్జీల నుంచి ఖరీదైన రిసార్టుల వరకు అన్నీ దొరుకుతాయి. తప్తపాణిలో ఒడిశా పర్యాటకాభివృద్ధి సంస్థ నడిపే పాంథనివాస్‌లోనైతే, అక్కడి వేడినీటి బుగ్గలోని గంధకపు నీటిని కొన్ని గదుల తొట్లలోకే మళ్లించారు. సుమారు యాభై కిలోమీటర్ల దూరం గనుక రోజూ బరంపురానికి తిరగవలసినవారికి అది కుదరదు.

రెండేళ్లకోసారి జరిగే బరంపురం గ్రామదేవత జాతర, బుఢీ ఠాకురాణి యాత్ర రోజుల్లో వెళ్లవలసి వస్తే, లాడ్జికి ముందుగానే ఫోన్ చేసి, కింది అంతస్తు గది, కమోడ్, ఖాళీ చేయవలసిన సమయం, ఈ మూడింటినీ అడిగి రూఢి చేసుకున్నాకే టికెట్లు తీసుకోవాలి. యాత్ర వేళ ఊరంతా జనంతో నిండిపోతుంది గనుక, అప్పటికప్పుడు గది మార్చమంటే వారికీ వీలుపడదు.